ఇంటి కంప్యూటరునకు ఈమెయిళ్ళు దిగకపోవుట – కారణములు, సవరించు విధము

మేము గ్రామములకు పోవునపుడు రైతు సోదరులు మమ్ము కాండము తొలుచు పురుగును గూర్చియు, అగ్గితెగులును గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు అడుగుట వాడుక. ఇప్పుడును అడుగుచునే యున్నారు. కాని ఈ మధ్య వానితోపాటు మరియొక ప్రశ్న తరచుగా వచ్చుచున్నది. "అయ్యా, బ్యాంకువారు ఈమెయిలు పంపితిమనుచున్నారు. మా యింటి కంప్యూటరులో చూడగా నేమియు లేదు. పంపకయే పంపితిమనుచున్నారా?" అని.

పిల్లల చదువు కొరకు కొన్న కంప్యూటరు ఇప్పుడు పెక్కు ఇండ్లలో గలదు. పంట ఋణము, బీమా, మట్టి పరీక్ష ఫలితము, విత్తనముల బిల్లు, సంఘపు మహాసభ నోటీసు మున్నగునవి ఈమెయిలు ద్వారా వచ్చుట మొదలైనది. వీనిలో కొన్నింటికి గడువు తేదీ యుండును. గడువు మీరిన పిమ్మట "మా కంప్యూటరులో దిగలేదు" అని చెప్పినను వినువారుండరు. అంతకంటె గొప్ప నష్ట మింకొకటి గలదు. దిగని ఉత్తరమును దింపబోయి, అంతకు ముందు దిగియున్న ఉత్తరములను పోగొట్టుకొనుట. దానిని గూర్చి ముందు చెప్పెదము. అందులకు ఈమెయిలు మన యింటికి ఏ త్రోవను వచ్చునో కొంచెము తెలిసికొనవలెను.

పంపినవారి యొద్దనుండి ఉత్తరము తిన్నగా మన కంప్యూటరునకు రాదు. మన ఖాతా ఎవరియొద్ద నున్నదో వారి యంత్రమునకు, అనగా సర్వరునకు, మొదట చేరును. మనము కంప్యూటరును తెరచువరకు అచ్చటనే పడియుండును. మన కంప్యూటరులోని మెయిలు ప్రోగ్రాము (థండర్‌బర్డు గాని, అవుట్‌లుక్ గాని) ఆ సర్వరు నొద్దకు పోయి "మాకేమైన నున్నవా?" యని యడిగి తెచ్చును. తపాలా కచేరీలో ఉత్తరముండగా, తెచ్చుటకు పోయినవాడు దారిలో ఆగిపోయినచో, ఉత్తరము రాలేదనుట సరికాదు గదా. "రాలేదు" అనుట వేరు, "దిగలేదు" అనుట వేరు. ఈ రెంటిని కలిపి మాటలాడుట వలననే సగము చిక్కు వచ్చుచున్నది.

ఉత్తరములు తెచ్చుటకు రెండు పద్ధతులున్నవి. ఒకటి పాప్. ఇది 1984లో మొదట వెలువడి, 1996లో స్థిరపడిన మూడవ రూపముతో నేటికిని నడచుచున్నది. ఇందు ఉత్తరములను ఇంటికి మోసుకొని వచ్చి, సర్వరునందలి ప్రతిని తుడిచివేయుట మొదటినుండి యున్న వాడుక. రెండవది ఐమాప్. దీనిని 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అనువారు కల్పించిరి. ఇందు ఉత్తరములు సర్వరునందే యుండును. ఇంట కనబడునది వాని నకలు మాత్రమే. పాప్ పద్ధతి ధాన్యమును కళ్ళమునుండి ఇంటి గాదెకు తెచ్చుకొనుట వంటిది. ఐమాప్ ధాన్యమును గిడ్డంగిలో నుంచి రసీదును ఇంట నుంచుకొనుట వంటిది. గాదె కాలినచో ధాన్యము పోయెను. రసీదు చిరిగినచో మరియొకటి వ్రాయించుకొనవచ్చును.

మీ యింట ఏ పద్ధతి యున్నదో నేడే చూచుకొనుడు. థండర్‌బర్డునందు అకౌంట్ సెట్టింగ్స్‌లోని సర్వర్ సెట్టింగ్స్ అను పుటను తెరచినచో "సర్వర్ టైప్" అనుచోట పాప్ అనియో, ఐమాప్ అనియో వ్రాసియుండును. పాప్ అని యున్నచో అదే పుటలో "లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్" అను గడి కలదు. దాని కెదుట గుర్తు లేనియెడల ఇంటికి దిగిన ప్రతి ఉత్తరమును సర్వరునుండి తుడుచుకొని పోవుచున్నదని యెరుగుడు. గుర్తుండియు, దాని క్రింద 14 దినములు మాత్రమే యుంచుమని యుండుటను మేము తరచుగా చూచుచున్నాము. అట్లున్నను పదునైదవ దినము తరువాత మీ ఉత్తరమునకు మీ కంప్యూటరు తప్ప వేరు చోటు లేదు.

ఇట్టి ఇంటనే నష్టము కలుగును. మా యెరుకలో నొక రైతు తన కంప్యూటరునకు ఉత్తరములు దిగుట లేదని దానిని పట్టణములోని యొక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయెను. వారు ఉత్తరములెచ్చట నున్నవని యడుగలేదు. డిస్కును శుభ్రముగా తుడిచి, విండోస్‌ను క్రొత్తగా వేసి యిచ్చిరి. ఆ సాయంకాలమునుండి క్రొత్త ఉత్తరములు చక్కగా దిగినవి. కాని పాప్ పద్ధతిని ఆరు సంవత్సరములుగా దిగియున్న ఉత్తరములు, వానిలో భూమి తగాదాకు సంబంధించి న్యాయవాది పంపిన కాగితములతో సహా, పోయినవి. మొదట నున్న లోపమో, పాస్వర్డు మార్చుటతో తీరునట్టిది! కావున ఖాతాను తీసివేయుట, ప్రోగ్రామును తొలగించుట, విండోస్‌ను మరల వేయుట అను మూడు పనులను, ఉత్తరముల ప్రతి వేరొక డిస్కులో పదిలపరచుకొనక మునుపు ఎవ్వరు చెప్పినను చేయనీయకుడు. థండర్‌బర్డునందు హెల్ప్ అనుచోట "ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్" తెరచినచో "ప్రొఫైల్ ఫోల్డర్" అని కనబడును. దాని ప్రక్కనున్న బొత్తామును నొక్కగా తెరచుకొను సంచియే మీ గాదె. ప్రోగ్రామును మూసి, ఆ సంచిని యథాతథముగా పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనవలెను.

ఇక లోపమును వెదకు విధము. చేనికి నీరు రానపుడు మనము చేని గట్టునే త్రవ్వుచు కూర్చుండము. తూము వద్దకు పోయి అచ్చట నీరున్నదో లేదో చూతుము. ఇచ్చటను అంతే. మెయిలు ప్రోగ్రామును ముట్టక, బ్రౌజరును తెరచి, ఖాతా ఇచ్చినవారి వెబ్‌సైటుకు పోయి, అచ్చట మీ పేరుతోను, పాస్వర్డుతోను ప్రవేశింపుడు. ఆ ఉత్తరమచ్చట కనబడినచో, అది వచ్చినది, దిగుటలోనే లోపము. కనబడనిచో ఇంటి కంప్యూటరును ఎంత మరమ్మతు చేసినను ఫలము లేదు. ఈ యొక్క పరీక్షతో సగము శ్రమ తగ్గును. కంప్యూటరు లేనియెడల ఫోనులోని బ్రౌజరుతోనైనను చేయవచ్చును.

సర్వరునందే కనబడనపుడు మొదట స్పామ్ అను అరను చూడుడు. బ్యాంకులు, బీమా కంపెనీలు ఒకే నమూనాలో వేలమందికి పంపు ఉత్తరములు పలుమారు ఆ యరలో పడును. జీమెయిలునందు ఆ యరలోనివి 30 దినములకు తమంతట చెరిగిపోవును. పాప్ పద్ధతిని దింపుకొనువారి కంప్యూటరునకు స్పామ్ అర యెన్నటికిని దిగదు. కావున పక్షమునకొకసారి బ్రౌజరులో దానిని చూచుట మంచి యలవాటు.

రెండవది ఖాతా నిండుట. జీమెయిలు ఉచిత ఖాతాకు 15 గిగాబైట్ల చోటు కలదు. ఆ చోటు ఉత్తరములకు మాత్రమే కాదు. గూగుల్ డ్రైవునకును, ఫోనునుండి పైకెక్కు ఛాయాచిత్రములకును కలిపి. 2021 జూన్ 1వ తేదీకి ముందు కొంచెము తగ్గించిన పరిమాణముతో ఎక్కించిన చిత్రములను లెక్కలోనికి తీసికొనెడివారు కారు. ఆ తేదీ తరువాత ఎక్కించినవన్నియు లెక్కకు వచ్చును. పెండ్లి చిత్రములు, జాతర వీడియోలు ఫోను తనంతట నెక్కించుకొని పోవుచుండ, 15 గిగాబైట్లు నిండుట యెంతసేపు? నిండిన పిమ్మట వచ్చు ఉత్తరము పంపినవారికే తిరిగిపోవును. మనకు దాని యానవాలైనను కనబడదు. పెద్ద వీడియోలను వేరు డిస్కునకు మార్చి, పైనున్న ప్రతులను తొలగించి, చెత్తబుట్టను గూడ ఖాళీ చేయవలెను. బుట్టలో నున్నంతకాలము అవి చోటు నాక్రమించుచునే యుండును. తిరిగిపోయిన ఉత్తరమును మరల పంపుడని పంపినవారిని కోరక తప్పదు.

మూడవది మేము "ఎగువ రైతు" అని పిలుచు లోపము. మిరప పండించు నొక రైతు తనకు ఆదివారపు ఉత్తరములు మాత్రమే దిగుచున్నవనియు, మిగిలిన దినములవి యొక్కటియు రాలేదనియు చెప్పినపుడు మాకు వింత తోచెను. విచారింపగా, ఆయన కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, తండ్రికి సాయముగా నుండవలెనని ఆ ఖాతాను తన కచేరీ కంప్యూటరులో పాప్ పద్ధతిని పెట్టుకొనియుండెను. అది పది నిమిషముల కొకసారి ఉత్తరములను దింపుకొని సర్వరును తుడిచివేయుచుండెను. కచేరీకి సెలవైన దినముననే తండ్రికి దక్కుచున్నవి. ఎగువ మడివాడు నీరంతయు మళ్ళించుకొనినచో దిగువకు ఆదివారపు నీరే గదా! ఇద్దరు చూడవలసిన ఖాతాకు రెండు చోట్లను ఐమాప్ పద్ధతియే తగినది. ఈ రైతు ఇంట అట్లు మార్చగనే క్రొత్తవన్నియు దిగినవి. పాతవి కుమారుని కంప్యూటరులో భద్రముగానే యుండెను.

ఇప్పుడు ఉత్తరము సర్వరున నుండియు ఇంటికి దిగని సందర్భము. బ్రౌజరు తెరచుకొన్నదనగా ఇంటర్నెట్ ఉన్నట్లే. కావున కేబులును, రౌటరును మాటిమాటికి తీసి పెట్టుట వలన లాభము లేదు. మెయిలు ప్రోగ్రాము "ఆఫ్‌లైన్" స్థితిలో నున్నదేమో చూడుడు. పిల్లల వ్రేలు తగిలినను ఆ స్థితిలోనికి పోవును. దానిని సరిచేసిన పిమ్మట, ప్రోగ్రాము చూపు తప్పు మాటలను అక్షరము తప్పక ఒక కాగితము మీద వ్రాసికొనుడు. చాలమంది ఆ చిన్న కిటికీని చూడకయే మూసివేయుదురు. లోపమెచ్చట నున్నదో చెప్పునది అదియే.

పాస్వర్డు తప్పని వచ్చి, అదే పాస్వర్డు బ్రౌజరులో పనిచేయుచున్నచో, తప్పు మీది కాదు. గూగుల్‌వారు 2022 మే 30వ తేదీనుండి సొంత ఖాతాలకును, మైక్రోసాఫ్ట్‌వారు 2024 సెప్టెంబరు 16వ తేదీనుండి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ సొంత ఖాతాలకును, ఉత్త పేరును పాస్వర్డును మాత్రమే చూపి దింపుకొను పాత పద్ధతిని నిలిపివేసిరి. దీనికి సవరణ: థండర్‌బర్డు సర్వర్ సెట్టింగ్స్‌లో "అథెంటికేషన్ మెథడ్" అనుచోట "ఓఆథ్2" అనుదానిని ఎన్నుకొనవలెను. అంతట ఖాతా ఇచ్చినవారి పుటయే తెరచుకొని పాస్వర్డును అడుగును. అచ్చట నిచ్చిన సరిపోవును. ఉత్తరములు పంపు సర్వరునకును ఈ మార్పు చేయవలెను. లేనిచో దిగుట మాత్రము బాగుపడి, పంపుట నిలిచిపోవును. ఓఆథ్2 తెలియని ప్రోగ్రాములకు గూగుల్‌వారు 16 అక్షరముల "యాప్ పాస్వర్డు" నిత్తురు. దానికి ముందుగా ఖాతాలో రెండంచెల తనిఖీ పెట్టుకొనియుండవలెను.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, విండోస్ లైవ్ మెయిల్ అనువానిని ఇంకను వాడుచున్నవారు ఒకరిద్దరు మాకు తటస్థించిరి. మొదటిది విండోస్ ఎక్స్‌పీతోనే ఆగిపోయినది. రెండవదానికి 2017 జనవరితో మద్దతు నిలిపివేసిరి. వీనిని బాగుచేయబూనుట పుచ్చిన నాగలికి క్రొత్త కర్రు వేయుట వంటిది. ఉత్తరములను పదిలపరచుకొని క్రొత్త ప్రోగ్రామునకు మారుటయే మేలు.

ఇచ్చట నొక హెచ్చరిక. "మీ మెయిలు ఖాతా నిండినది, ఇచ్చట నొక్కుడు" అనియు, "మీ ఖాతా ఆగిపోవును, ఓటీపీ చెప్పుడు" అనియు ఉత్తరములు గాని ఫోనులు గాని వచ్చును. ఖాతా ఇచ్చినవా రెవ్వరును ఫోనుచేసి ఓటీపీ అడుగరు. చోటు నిండినదో లేదో మీరే బ్రౌజరులో విలాసము వ్రాసి తెరచి చూచుకొనుడు. వచ్చిన ఉత్తరములోని లంకెను నొక్కకుడు.

పాస్వర్డును గాక "సర్టిఫికెట్" అను మాటతో తప్పు వచ్చినచో కంప్యూటరు మూలనున్న గడియారమును చూడుడు. సర్వరు తాను నిజమైనదే యని చూపు పత్రమునకు మొదలు తేదీయు, ముగింపు తేదీయు నుండును. కంప్యూటరులోని తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోయినచో, ఆ పత్రము ఇంకను పుట్టనేలేదని అది తలచి తలుపు మూయును. పాత కంప్యూటరులలో లోపలి బోర్డు మీది 3 వోల్టుల నాణెపు బ్యాటరీ అయిపోయిన పిమ్మట, కరెంటు పోయినపుడెల్ల తేదీ ఇట్లే వెనుకకు పోవును. తేదీని దిద్దిన వెంటనే ఉత్తరములు దిగును. మరల కరెంటు పోగానే అదే కథ. రెండుసార్లిట్లు జరిగినచో ఆ బ్యాటరీని మార్పించుడు. దానిపై "సీఆర్ 2032" అని వ్రాసియుండును. గడియారముల దుకాణములలో దొరకును.

కొన్ని ఉత్తరములు దిగి, ఒకచోట ఆగి, ఎన్నిసార్లు ప్రయత్నించినను అచ్చటనే ఆగుచున్నచో, పాప్ ఖాతాలలో అది తరచుగా ఒక పెద్ద ఉత్తరము చేయు పని. ప్రోగ్రాము ఉత్తరములను వరుసగా నొక్కొక్కటిగా దింపును. ముందున్నది దిగనిచో వెనుకనున్నవన్నియు నిలిచిపోవును. చేను దెబ్బతిన్నదని చూపుటకు ఫోనుతో తీసిన చిత్రము లైదారు ఒకే ఉత్తరమునకు జతచేసి పంపుట ఇప్పుడు వాడుక గదా. జతచేసిన చిత్రము ఈమెయిలులో పోవునపుడు అక్షరములుగా మారి సుమారు మూడవ వంతు పెరుగును. 18 మెగాబైట్ల చిత్రములు 24 మెగాబైట్లకు మించును. సెకనుకు ఒక మెగాబిట్ వచ్చు ఇంట అది దిగుటకు మూడు నిమిషములకు పైగా పట్టును. సెకనుకు 100 కిలోబిట్లు మాత్రమే వచ్చుచోట అరగంటకు పైన. అంతలో సిగ్నలు తెగిన మరల మొదటికి వచ్చును.

దీనితో మరియొక చిక్కు గలదు. పాప్ నియమము ప్రకారము, ప్రోగ్రాము పని ముగించి సర్వరునకు సెలవు చెప్పినపుడే తుడుపులు అమలగును. మధ్యలో తెగినచో ఏదియు తుడువబడదు. అందువలన కొన్ని ప్రోగ్రాములలో, దిగిన పది ఉత్తరములే మరల మరల దిగుచు, ఒక్కొక్కటి మూడు నాలుగు ప్రతులుగా కనబడును. వానిని చూచి కంప్యూటరునకు వైరసు పట్టినదని బెదరకుడు. ఆ పెద్ద ఉత్తరమును బ్రౌజరులో తెరచి, జతచేసిన చిత్రములను విడిగా దింపి పదిలపరచుకొని, అవి తెరచుకొనుచున్నవని చూచుకొన్న పిమ్మటనే, ఆ ఉత్తరమును సర్వరునుండి తొలగింపుడు. వెనుకనున్నవి ఒక్కసారిగా దిగివచ్చును. తెగిన వెంటనే మరల నొక్కుచుండుట వలనను కీడు గలదు. కొన్ని సర్వరులు పాత సంబంధము ముగియలేదని తలచి ఖాతాకు తాళము వేసి యుంచును. పావుగంట ఆగి ప్రయత్నించుట మంచిది.

యాంటీవైరసు ప్రోగ్రాము ఉత్తరములను మధ్యలో ఆపి తనిఖీ చేయుట వలన గూడ ఇట్టి ఆలస్యము కలుగును. దాని మెయిలు తనిఖీని మాత్రమే ఒకసారి ఆపి, దిగుచున్నవో లేవో చూచి, మరల పెట్టివేయుడు. ఆపి మరచిపోవువారు పెక్కురు.

ఏ తప్పు మాటయు రాకయే దిగనిచో, సర్వరు పేరును, పోర్టు సంఖ్యను సరిచూడవలెను. తాళముతో కూడిన సంబంధమునకు పాప్‌కు 995, ఐమాప్‌కు 993. పాత కాగితములలో 110, 143 అని యుండును. అవి తాళము లేని కాలపువి. జీమెయిలునకు పాప్ వాడువారు బ్రౌజరులో ఖాతా సెట్టింగులలోని "ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమాప్" అను పుటలో పాప్‌ను అనుమతించి యుండవలెను. డిస్కు నిండినను ఉత్తరములు దిగవు. ఇది చెప్పనక్కరలేదనిపించును గాని, సినిమాలతో డిస్కు నిండిన యిండ్లు మేము చూచితిమి.

దిగినట్లు చెప్పియు పట్టికలో కనబడనపుడు, ఉత్తరములుండియు వాని సూచిక చెడియుండవచ్చును. థండర్‌బర్డునందు ఆ ఫోల్డరుపై కుడి బొత్తామును నొక్కి, ప్రాపర్టీస్‌లో "రిపేర్ ఫోల్డర్" అనుదానిని నొక్కినచో సూచిక క్రొత్తగా తయారగును.

ఇవన్నియు చూచిన పిమ్మటను దిగనియెడల తెలిసినవాని యొద్దకు పోవుట తప్పదు. పోవునపుడు ఒక కాగితముపై ఇవి వ్రాసికొని పోవుడు: ఖాతా పాపా ఐమాపా, బ్రౌజరులో ఉత్తరము కనబడుచున్నదా, తప్పు మాటలు యథాతథముగా నేవి, ఏనాటినుండి దిగుట ఆగెను, ఆ దినమున పాస్వర్డు గాని, యాంటీవైరసు గాని, ఇంటర్నెట్ కంపెనీ గాని మార్చితిరా, ఆ ఖాతాను ఇంకెవరి కంప్యూటరులో పెట్టియున్నారు. పాస్వర్డును ఆ కాగితముపై వ్రాయకుడు. అడిగినపుడు మీరే టైపు చేయుడు. ప్రొఫైల్ సంచి ప్రతిని ఎక్కించిన పెన్‌డ్రైవును కంప్యూటరుతోపాటు పంపక ఇంటనే యుంచుకొనుడు.